ఆకు ముందు చేతికి తెలియవలెను

నాందేడ్ నుండి దెగ్లూరునకు పోవు త్రోవలోని నాయ్‌గావ్‌లో, వీధిలో మరాఠీ మాటాడి గడప దాటినంతనే తెలుగులో పడు ఇండ్లు కొన్ని కలవు. వానిలో మాదియు నొకటి. ఆ యింటి అరుగుమీద సాయంకాలమున కూర్చుండి, చుట్ట వెలిగించుటకు ముందు మా తాత చేసెడి పరీక్ష నా చిన్ననాట నాకొక పూజావిధానమువలె కనుపించెడిది. ఆయన నిత్యము కాల్చునది మోదుగాకులో తంబాకు పెట్టి తానే చుట్టుకొనునదే గాని, రాజమహేంద్రవరపు బంధువులెవరైన లంక చుట్టల కట్ట తెచ్చి యిచ్చిన దినమున మాత్రము ఆ పరీక్షకు గాంభీర్యము హెచ్చెడిది. కట్టలోనుండి యొకదానిని తీసి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ తలనుండి కొనదాక మెల్లగా నొక్కుచు పోయి, ఎక్కడ బోలుగా నున్నదో, ఎక్కడ ముడివలె గట్టిపడినదో చూచి, చెవికడకు చేర్చి మరల నొక్కి, చిటపట వినబడినచో ఎండినదని ప్రక్కన బెట్టి, చప్పుడు లేక వ్రేలిక్రింద అణగి తిరిగి లేచినదానినే చేత నిలుపుకొనెడివాడు. “ఆకు ముందుగాల చెయ్యికి తెలువాలె బిడ్డా, నోటికి అటెనుక” అనెడివాడు.

క్యూబాదేశపు సిగారులను పరీక్షించు నిపుణుల పద్ధతిని గూర్చి పెద్దవాడనైన పిమ్మట చదివినపుడు, అది మా అరుగుమీది పద్ధతియే యని యెరిగి పరమానందము నొందితిని. మేలైన సిగారునకు మూడు భాగములు: లోపలి ఆకు, దానిని బిగించు కట్టు ఆకు, అన్నిటికిని పైన చర్మమువలె నుండు పై ఆకు. పై ఆకు సన్నని యీనెలతో, స్వల్పమైన నూనెమెరుగుతో, ఒకే వర్ణమున నుండవలెను. సూదిబెజ్జము వంటి రంధ్రము కనబడినచో లోపల పొగాకు పురుగు చేరినదని అర్థము. లోపలి ఆకులోనే మరల తారతమ్యమున్నది. మొక్క అడుగున నుండు ఆకు చక్కగా మండుటకును, నడుమ ఆకు సువాసనకును, ఎండను ఎక్కువగా త్రాగిన మొక్క పైభాగపు దళసరి ఆకు ఘాటునకును పనికివచ్చును. ఘాటైన యాకు ఆలస్యముగా కాలును గనుక దానిని నట్టనడుమ పెట్టుదురు. అది ఒక ప్రక్కకు జరిగినచో చుట్ట వంకరగా కాలును. ఆ దోషమునకు కారణము చుట్టిన చేయియే.

అయితే చుట్టిన చేయి యెంతటిదైనను, ఆకు ముందే పండియుండవలెను. ఆరిన ఆకును మండెలు కట్టినపుడు దానిలో తనంతట తాను వేడి పుట్టును. ఆ వేడి మితిమీరకుండ మండెను విప్పి, లోపలిది పైకి, పైది లోపలికి మార్చి మరల కట్టుచుందురు. ఈ పాకమున పచ్చిఘాటు విరిగి, అమ్మోనియా వాసన వెడలిపోవును. వెలిగింపని చుట్టను ముక్కుకడ నుంచినపుడు ఆ వాసన తగిలినచో, దానిని అమ్మినవాడు తొందరపడినాడని నిస్సంశయముగా చెప్పవచ్చును. మంచి ఆకునకు ఎండుగడ్డి, తోలు, పాతచెక్క కలిసినట్టి నిదానమైన పరిమళముండును. నన్నడిగినచో, పరీక్షలన్నిటిలోను దీనికే అగ్రస్థానము.

మన గోదావరి లంకల ఆకు చుట్టలకు ప్రసిద్ధి కెక్కుట నేల మహిమ. వరద వచ్చి పోయినపుడెల్ల నది తెచ్చిపెట్టు ఒండ్రుమట్టిలో, తీయనీటి చెలిమిలో పెరిగిన యాకు అది. నీటిలో క్లోరైడు హెచ్చైనచో ఆకు నిలిచి కాలదు; పొటాషియము సమృద్ధిగా నున్నచో చక్కగా కాలును. ఉప్పునీటి బావిక్రింది పొగాకును కొనుగోలుదారులు వెనుకకు పంపుటకు హేతువిదియే. 1947లో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ రాజమహేంద్రవరముననే నెలకొనినది. ఇంగ్లీషువారి ‘చెరూట్’ అను మాట తమిళుల ‘చురుట్టు’ నుండి పోయినదందురు. మన చుట్టకు అది తోబుట్టువు.

ఇక నిప్పు. మంటను ఆకునకు తగులనీయక, కొంచెము ఎడముగా పట్టి, అంచంతయు సమముగా ఎర్రబారువరకు త్రిప్పవలెను. నిమిషమున కొక్క పీల్పు చాలును; పొగ నోటిలో నిలిచి వెడలవలెనే గాని రొమ్ములోనికి దిగరాదు. మొదటి మూడవవంతున ఆకు తన్ను తాను పరిచయము చేసికొనును, నడుమ పాకమునకు వచ్చును, చివర ఘాటెక్కును; చివర కూడ చేదెక్కనిదే ఉత్తమము. బూడిదను చూడుడు: నిడుపాటి ఆకులతో చుట్టినదాని బూడిద అంగుళము మేర రాలక గట్టిగా నిలుచును, ముక్కలు కూరినదానిది పొడియై రాలును. 1887లో వెలువడిన కానన్ డాయిల్ తొలి హోమ్స్ నవలలో ఆ అపరాధపరిశోధకుడు బూడిదను బట్టియే హంతకుడు కాల్చినది తిరుచినాపల్లి చుట్ట యని తేల్చును. మన దక్షిణదేశపు ఆకునకు అంతటి ఖ్యాతి ఆనాడు కలదు.

ఎండలు నలువది డిగ్రీలు దాటు మా నాందేడ్ సీమలో చుట్టను కాపాడుట మరియొక విద్య. తేమ నూటికి 65 మొదలు 70 పాళ్ళవరకు నుండిననే ఆకు ప్రాణముతో నుండును. మా తాత చెక్కపెట్టెలో చుట్టల నడుమ తడిపి పిండిన గుడ్డముక్క నొకదానిని చిన్న మూకుడులో నుంచి, దినము విడిచి దినము తాకి చూచెడివాడు. గుడ్డ ఆకును తాకరాదు. తాకినచో బూజు పట్టును.

ఇంత చెప్పినవాడను మరియొకటి దాచరాదు. పొగాకు ప్రాణాంతకమైనది, సిగారును పీల్చి మ్రింగకున్నను నోటికి, గొంతునకు దాని కీడు తప్పదు. నిప్పుకొనను నోటిలో నుంచుకొను అడ్డపొగవలన శ్రీకాకుళ, విశాఖ ప్రాంతపు స్త్రీలకు అంగిటి కాన్సరు వచ్చుటను వైద్యులు స్పష్టముగా చూపియున్నారు. మా తాత తన కడపటి యేండ్లలో దగ్గుచు చుట్టను మానెను గాని, ఎవరైన కట్ట తెచ్చినచో వ్రేళ్ళతో నొక్కి, చెవికడ పెట్టి, వాసన చూచి, మంచిచెడ్డలు చెప్పి తిరిగి యిచ్చెడివాడు. అగ్ని తగులకయే ముక్కాలు తీర్పు చెప్పవచ్చునని నేనాయన వలన తెలిసికొంటిని.

ఈ పరీక్ష నెరిగిన వృద్ధులు లంకలలోను, మా సరిహద్దు ఊళ్ళలోను ఇంకను కొందరున్నారు. మీ యింట అట్టివారుండినచో, ఒక ఆకును వారి చేతికిచ్చి, వారు వాడు మాటలను వాడినట్లే వ్రాసి యుంచుడు.