బెజవాడ కనుమలో కృష్ణా ఆనకట్ట

మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన కృష్ణానది దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. దారిలో శ్రీశైలం నుంచి పులిచింతల దాకా తూర్పు కనుమలను కోసుకుంటూ వచ్చి, విజయవాడ దగ్గర చివరి కొండలను దాటుతుంది. ఇక్కడ నదికి ఉత్తరాన ఇంద్రకీలాద్రి, దక్షిణాన సీతానగరం కొండ ఉన్నాయి. వాటి మధ్య ఎడం కిలోమీటరుకు కొంచెం ఎక్కువ. ఈ కనుమ దాటితే సముద్రం దాకా ఒండ్రు నేలే.

వరద ఒడ్డు పొర్లినప్పుడు ముతక ఒండ్రు ఒడ్డునే పేరుకుంటుంది. అందుకే డెల్టాలో నది ఒడ్డు మెరకగానూ, దూరం వెళ్లేకొద్దీ నేల పల్లంగానూ ఉంటుంది. కనుమ దగ్గర నీటిమట్టాన్ని కొన్ని అడుగులు పెంచి కాలువల్లోకి మళ్లిస్తే, తోడే పని లేకుండా నీరు పొలాలకు పారుతుంది. కట్టను ఆనించడానికి కొండలు, కట్టడానికి వాటి రాయి అక్కడే దొరుకుతాయి.

1832–33 నాటి కరువులో గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత కృష్ణకు కట్ట వేయాలన్న ఆలోచన బలపడింది. ధవళేశ్వరంలో గోదావరికి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దీన్నీ సమర్థించాడు. కెప్టెన్ ఛార్లెస్ ఆర్ ఆధ్వర్యంలో 1852లో పని మొదలై 1855లో పూర్తయింది. నదీగర్భం ఇసుక కావడంతో బావులు దింపి వాటిపై గోడ లేపారు. పైనుంచి దూకే నీరు అడుగును కోసేయకుండా దిగువన బండరాళ్లు పరిచారు. ఏలూరు, బందరు, రైవస్ కాలువలు తూర్పు డెల్టాకు, మరో ప్రధాన కాలువ పశ్చిమ డెల్టాకు నీరిచ్చాయి. అవే పడవల దారులూ అయ్యాయి. 1893లో మద్రాసు వైపు రైలు వంతెన కూడా ఈ కనుమ దగ్గరే నదిని దాటింది.

1952 వరదలో ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో బ్యారేజీకి 1954లో శంకుస్థాపన జరిగింది. 1957లో ప్రారంభమైన ఆ కట్టడానికి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70, పైన రోడ్డు. పాత ఆనకట్ట మీదుగా వరద పొర్లిపోవాల్సిందే. బ్యారేజీలో గేట్లు ఎత్తి వరదను వదలవచ్చు, దించి కాలువలకు కావలసిన మట్టం నిలపవచ్చు. ప్రతి గేటు బరువుకు సరితూగేలా కౌంటర్ వెయిట్ ఉంటుంది. అది కిందికి దిగుతుంటే గేటు పైకి లేస్తుంది, కాబట్టి బరువైన ఇనుప తలుపును తక్కువ శక్తితో ఎత్తవచ్చు.

బ్యారేజీ నిల్వ 3.07 టీఎంసీలే. అంటే ఇది నీటిని దాచే జలాశయం కన్నా, నీటిని మళ్లించే తలుపు. దీని కింద ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. పైన నాగార్జునసాగర్, పులిచింతల నుంచి వదిలే నీటిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీరు పోలవరం కుడి కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తోంది. కృష్ణకు ఆలస్యంగా వరద వచ్చిన ఏడాది నారుమళ్లను అది ఆదుకుంటుంది.

కొండల మధ్య ఈ ఇరుకు, కాలువలకు ఎంత అనుకూలమో వరదకు అంత ఇబ్బంది. 2009 అక్టోబరులో సుమారు 11.1 లక్షల క్యూసెక్కులు, 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు ఈ కనుమగుండా పోయాయి. రెండోసారి ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు తగిలి కొన్ని గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. వాటిని తర్వాత మార్చారు.