రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సింగ్ విద్యార్థినికి నిద్రే మొదటి మందు

చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉండవలసిన గుణాలూ నాలుగే: ఉపచార జ్ఞానం, నేర్పు, రోగి యెడల అనురాగం, శుచిత్వం. తక్కినవి కళాశాలలో నేర్పవచ్చును. అలసి సొలసిన మనస్సులో అనురాగం ఎట్లు నిలుస్తుంది?

నర్సింగ్ డిగ్రీ నాలుగేళ్ల చదువు. పాఠాలు, పరీక్షలు, వాటితో పాటే వార్డులో డ్యూటీలు. ఇరవై ఏళ్లు నిండకముందే మరణాన్ని చేరువనుండి చూడవలసి వస్తుంది. వీటిని ఇంటివారు తప్పించలేరు. నిద్రను మాత్రం కాపాడగలరు.

రాత్రి జాగరణ వలన శరీరంలో రూక్షత పెరిగి వాతం ప్రకోపిస్తుందని ఆయుర్వేద మతం. అలవాటు లేని జాగరణ చేసినవారు, మేలుకొన్న కాలంలో సగం సేపు మరునాటి ఉదయం భోజనానికి ముందే నిద్రించవలెనని వాగ్భటుడు అష్టాంగ హృదయంలో చెప్పినాడు. అనగా ఎనిమిది గంటల డ్యూటీకి నాలుగు గంటలు. నేటి వైద్యం రోజుకు కనీసం ఏడు గంటలు కావాలంటున్నది గనుక మిగిలినది సాయంత్రమో, రాత్రియో పూర్తిచేయాలి. మరీ ఆకలైతే పలుచని జావ త్రాగి పడుకొనుట తప్పు కాదు. డ్యూటీ చివరి గంటలలో టీ, కాఫీలు మానవలెను. గది చీకటిగా ఉండాలి. గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్లు మర్దించిన నిద్ర సుఖంగా పడుతుంది.

ఆర్మూరు చేరువనున్న అంకాపూర్ వంటి ఊళ్లలో ఇదంత సులభం కాదు. పసుపు తవ్వి, ఉడికించి, ఆరబోసే రోజులలో ఇంట పగలు సందడి తగ్గదు. సెలవుకు వచ్చిన అమ్మాయి పడుకుంటే "ఇంత పొద్దెక్కినా లేవదేమి" అంటారు. ఇరుగుపొరుగువారు బి.పి. చూడుమని లేపుతారు! ఆ కొద్ది గంటలు తలుపు వద్ద తల్లియే కాపలా ఉండవలెను.

ఇక పసుపు పాలు. పసుపు పండించే వారికి ఈ మాట రుచించకపోవచ్చు గాని, అందులోని కర్క్యుమిన్ నూటికి సుమారు మూడు పాళ్లే. శరీరం గ్రహించేది ఇంకా స్వల్పం. కమ్మని పానీయంగా త్రాగవచ్చును, మనోవ్యాధికి మందనుకోరాదు. అశ్వగంధను కూడ వైద్యుని అడగకుండ వాడరాదు. థైరాయిడ్, కాలేయ వ్యాధులున్నవారికి హాని కలుగవచ్చు.

రెండు వారాలు దాటినా దిగులు, ఏడుపు, అన్నద్వేషం తగ్గకపోతే గృహవైద్యంతో కాలయాపన చేయక మానసిక వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. బ్రతుకు వద్దన్న మాట ఒక్కసారి వినబడినా అమ్మాయిని ఒంటరిగా విడువక అదే రోజు వైద్యునికి చూపించండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్, 14416 నంబరుపై రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే సలహా ఇస్తున్నది.