కారులో పెట్రోల్ వాసన వస్తుంటే

మన కూరెకుప్ప, తోరణగల్లు వైపు చాలామంది ఇళ్లలో పది పదిహేనేళ్ల కార్లు ఇంకా తిరుగుతున్నాయి. పండగకో పెళ్లికో గుంతకల్లు, రాయదుర్గం, మంత్రాలయం వెళ్లాలంటే పిల్లల్ని వెనక సీట్లో ఎక్కించుకుని అందులోనే బయలుదేరతాం. "కొంచెం పెట్రోల్ వాసన వస్తోంది, అద్దాలు దించుదాం లే" అనే మాట ఈ మధ్య ఇద్దరు ముగ్గురి నోట విన్నాను. అందుకే ఈ నాలుగు ముక్కలు.

నా కారు సంగతే చెబుతాను. ట్యాంకులోని పెట్రోల్ పంపు పాడైతే ఒక గ్యారేజీలో మార్పించాను. అప్పటినుంచి ట్యాంకు నిండా కొట్టించిన ప్రతిసారీ రెండు రోజులు లోపల వాసన. ట్యాంకు సగానికి దిగితే వాసన ఉండదు. తీసుకెళ్లి అడిగితే "కొత్తగా పెట్రోల్ కొట్టించారు కదా సార్, అలాగే ఉంటుంది" అని సీట్లు తుడిచి, సెంటు కొట్టి పంపారు. ఇంకో మెకానిక్ నా మాట పూర్తిగా విన్నాడు. నిండుగా ఉన్నప్పుడే వాసన వస్తోందంటే లీకు ట్యాంకు పైభాగంలోనే ఉండాలన్నాడు. వెనక సీటు ఎత్తి, దాని కింది రేకు మూత తీస్తే పంపు చుట్టూ తడి. కొత్త పంపు వేసినవాళ్లు రబ్బరు రింగు మాత్రం పాతదే పెట్టారు. రింగు మారిస్తే వాసన పోయింది. అన్నాళ్లూ మా మనవలు నిద్రపోయింది ఆ సీటు మీదే.

కాబట్టి గ్యారేజీకి వెళ్లేముందు వాసన ఎప్పుడు వస్తోందో, ఎక్కడ వస్తోందో రెండు మూడు రోజులు గమనించి కాగితం మీద రాసుకోండి. మెకానిక్‌కు అదే పెద్ద ఆధారం.

కారు బయట, వెనక వైపు మాత్రమే వాసన ఉంటే ముందు ట్యాంకు మూత చూడండి. మూతలోని రబ్బరు పగిలినా, దాని అంచున దుమ్ము పేరుకున్నా ఆవిరి బయటికి వస్తుంది. మన రోడ్ల మీద ఖనిజం లారీల ఎర్రదుమ్ము సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. తక్కువ ఖర్చుతో తేలిపోయేది ఇదొక్కటే.

ఎండలో నిలిపినప్పుడు వాసన ఎక్కువైతే బొగ్గు డబ్బాను అనుమానించాలి. ట్యాంకులో పుట్టే ఆవిరి గాలిలో కలవకుండా బొగ్గు నింపిన ఒక డబ్బా పట్టుకుంటుంది, ఇంజన్ నడిచేటప్పుడు దాన్ని పీల్చుకుంటుంది. బంకులో గన్ను టక్కున ఆగిన తర్వాత కూడా "ఇంకొంచెం" అని మెడదాకా పోయిస్తే పెట్రోలే ఆ డబ్బాలోకి పోయి బొగ్గు పాడవుతుంది. ఆంధ్రా కంటే ఇక్కడ రేటు తక్కువని సరిహద్దు దాటేముందు అలా పోయించుకునే అలవాటు మనకు బాగా ఉంది. క్యాన్లలో నింపి డిక్కీలో పెట్టుకెళ్లేవాళ్లకు వాసన ఎక్కడిదో నేను చెప్పాలా! లైసెన్సు లేకుండా ఉంచుకునే కొద్దిపాటి పెట్రోలుకు 1934 నాటి పెట్రోలియం చట్టం గాజు, పింగాణీ, లోహపు పాత్రలనే చెప్పింది. ప్లాస్టిక్ క్యాను అందులో లేదు.

ఇంజన్ నడుస్తుండగా ముందు వైపు, ఏసీ గాలితో పాటు వాసన వస్తే అది అన్నిటికంటే ప్రమాదం. ఇంజెక్టర్లకు వెళ్లే పైపులో పెట్రోల్ గాలి ఒత్తిడికి మూడు రెట్లకు పైగా ఒత్తిడితో ఉంటుంది. సన్నటి పగులు ఉన్నా వేడి ఇంజన్ మీద చిమ్ముతుంది. బండి ఆపాక ఆరిపోయి జాడ కనిపించదు. పాత కార్బురేటర్ బళ్లలో అయితే ఫ్లోట్ పిన్ను అరిగి పెట్రోల్ పొంగుతుంది. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. దాన్ని తట్టుకునేలా చేయని పాత రబ్బరు పైపులు ఉబ్బి, పగులుతాయి. పైపులు మార్చి చాలా ఏళ్లయితే ఇథనాల్‌కు పనికొచ్చేవి అడిగి వేయించండి.

పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. కారు అడుగున, షెడ్డు నేల మీద పేరుకుంటుంది. గాలిలో ఒకటిన్నర శాతం చేరినా ఒక్క నిప్పురవ్వతో అంటుకుంటుంది. అందుకని కింద తడి కనిపించినా, వాసన ఘాటుగా ఉన్నా తాళం తిప్పకండి. సెల్‌ఫోన్ లైటు, అగరబత్తి, సిగరెట్ దగ్గరికి రానివ్వకండి. మూసిన షెడ్డులో ఉంటే తలుపులు తెరిచి, నలుగురూ కలిసి బండిని బయటికి తోయండి. దారిలో వాసన మొదలైతే పక్కకు ఆపి, ఇంజన్ కట్టేసి, ముందు పిల్లల్ని దించండి. బానెట్ కింద పొగ కనిపిస్తే బానెట్ ఎత్తవద్దు, దూరంగా జరగండి.

ట్యాంకుకు సబ్బుముద్ద రాయడం, ఎం-సీల్ పెట్టడం మన మెకానిక్‌ల పాత విద్య. గ్యారేజీ చేరేదాకా పనికొస్తుందేమో గానీ అది రిపేరు కాదు. ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగ్ పెట్టనివ్వకండి. అందులో ఆవిరి ఉంటుంది, అదే పేలుతుంది. రింగు, పైపు, క్లిప్పు పాతవి తిరిగి వేయకుండా కొత్తవి వేయించి, తీసేసిన పాతవి చేతికివ్వమని అడగండి.

రిపేరు అయ్యాక గన్ను ఆగేదాకా మాత్రమే పోయించి ఓ పది కిలోమీటర్లు తిప్పండి. ఆపి, సీటు కింద మూత తీయించి, అతుకుల చుట్టూ తెల్ల కాగితం అద్ది చూడండి. రాత్రంతా అద్దాలు మూసి ఉంచి, పొద్దున్నే వెనక తలుపు తీసి వాసన చూడండి. ఊరి ప్రయాణం ఆ తర్వాతే.