మార్కులుంటేనే చాలదు! అమెరికా ఫిజికల్ థెరపీ సీటు గురించి ఇవి మీకు తెలుసా?

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో ‘ప్రీ మెడ్’ అన్న మాట వినని వాళ్లుండరు. ‘ప్రీ పీటీ’ అన్నది మాత్రం చాలామందికి కొత్త. ఫిజికల్ థెరపిస్టు కావాలనుకునే పిల్లలు కాలేజీలో చేరిన మొదటి ఏడాది నుంచే పట్టే దారి అది. ఇక్కడ ఫిజియోథెరపీ డిగ్రీ అయిన బీపీటీ పూర్తిచేసి అక్కడికి వెళ్లాలనుకునే వాళ్లకూ ఈ అడ్మిషన్ల లెక్క తెలిసి ఉండాల్సిందే. ర్యాంకు చూసి సీటిచ్చే పద్ధతికి అలవాటుపడ్డ మనకు ఇందులో చాలా సంగతులు వింతగా తోస్తాయి.

1. ఏడేళ్ల చదువు

మన దగ్గర ఇంటర్ బైపీసీ అవ్వగానే బీపీటీలో చేరిపోవచ్చు. అమెరికాలో అలా కుదరదు. మామూలుగా ముందు నాలుగేళ్ల డిగ్రీ చదవాలి, ఆ తర్వాతే మూడేళ్ల డీపీటీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ. కొన్ని విశ్వవిద్యాలయాలు రెండింటినీ కలిపి ఆరేళ్లలో పూర్తిచేయిస్తాయి. డీపీటీ అంటే పీహెచ్‌డీ అనుకోవద్దు. అది పరిశోధన పట్టా కాదు, రోగికి చికిత్స చేయడానికి అర్హతనిచ్చే వృత్తి పట్టా.

2. ఒకప్పుడు తొమ్మిది నెలలే!

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల్ని మళ్లీ నడిపించడానికి అమెరికా సైన్యం కొందరు మహిళలకు శిక్షణ ఇచ్చింది. వాళ్లను ‘రీకన్‌స్ట్రక్షన్ ఎయిడ్స్’ అనేవారు. వాళ్లే మేరీ మెక్‌మిలన్ తొలి అధ్యక్షురాలిగా 1921లో సంఘం పెట్టుకున్నారు. సంఘం పేరులోనే ‘మహిళల’ అని ఉండేది. తర్వాత పేరు మార్చి మగవాళ్లనూ చేర్చుకున్నారు. 1928లో ఆ సంఘం ఖరారు చేసిన ప్రమాణాల ప్రకారం కోర్సు తొమ్మిది నెలలు. అందులో చేరాలంటే వ్యాయామ విద్యలోనో నర్సింగ్‌లోనో చదువు పూర్తయి ఉండాలి. చేయి తిరిగిన వ్యాయామ టీచరుకు అప్పట్లో ఈ వృత్తి తలుపు తెరిచే ఉండేదన్నమాట.

3. 2015 తర్వాత డీపీటీ ఒక్కటే

1960లో బ్యాచిలర్ డిగ్రీ ఉండాలన్నారు. 2002 నుంచి కనీసం మాస్టర్స్ స్థాయి కోర్సు అయితేనే గుర్తింపు అన్నారు. ఈలోగా నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలోని క్రైటన్ విశ్వవిద్యాలయం 1993లోనే తొలి డీపీటీ కోర్సు మొదలుపెట్టింది. కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ పేరు క్యాప్టీ. 2015 చివరికల్లా అన్ని కోర్సులూ డీపీటీగా మారాలని అది గడువు పెట్టింది. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారికి ఇప్పుడు అక్కడ మరో పట్టా లేదు.

4. సంగీతం చదివినా చేరొచ్చు

డిగ్రీ ఫలానా సబ్జెక్టులోనే ఉండాలన్న నియమం చాలా కాలేజీల్లో లేదు. ఎక్కువమంది ఎక్సర్‌సైజ్ సైన్సో బయాలజీయో తీసుకుంటారు కానీ చరిత్ర, సంగీతం, వాణిజ్యం చదివిన వాళ్లూ దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ముందస్తు కోర్సులు, అంటే ‘ప్రీరిక్విజిట్స్’ మాత్రం పూర్తయి ఉండాలి. ల్యాబుతో కూడిన అనాటమీ, ఫిజియాలజీ రెండు సెమిస్టర్లు, కెమిస్ట్రీ రెండు, ఫిజిక్స్ రెండు, బయాలజీ, సైకాలజీ, స్టాటిస్టిక్స్ దాదాపు ప్రతి జాబితాలోనూ కనిపిస్తాయి. మోకాలి మీద పడే బరువు లెక్క తెలియాలంటే ఫిజిక్స్, ఒక చికిత్స నిజంగా పనిచేసిందో లేదో తేల్చాలంటే స్టాటిస్టిక్స్ కావాలి కదా!

మనవాళ్లు తడబడేది ఇక్కడే. ఈ కోర్సులు కాలేజీ స్థాయివై ఉండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్‌కు నూటికి నూరు వచ్చినా అది స్కూలు చదువు కిందే లెక్క. బీపీటీలో శరీరశాస్త్రం దండిగా ఉంటుంది కానీ కెమిస్ట్రీ, ఫిజిక్స్ విడి సబ్జెక్టులుగా కనిపించడం తక్కువ. ఆ లోటును అక్కడి కమ్యూనిటీ కాలేజీలోనో ఆన్‌లైన్‌లోనో పూడ్చుకోవాలి. ఆన్‌లైన్ ల్యాబును ఒప్పుకోని కాలేజీలూ ఉన్నాయి కాబట్టి ముందే అడిగి తెలుసుకోవాలి.

5. చదువుకూ కాలం చెల్లుతుంది

ఎప్పుడో చదివిన అనాటమీని కొన్ని కాలేజీలు ఒప్పుకోవు. సైన్సు కోర్సులు గత అయిదేళ్లలోనో పదేళ్లలోనో చదివి ఉండాలని షరతు పెడతాయి. పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ చదువుకుందామనుకునే తల్లులు ముందుగా చూసుకోవాల్సిన నిబంధన ఇదే.

6. మళ్లీ చదివినా పాత గ్రేడు పోదు

కెమిస్ట్రీలో డీ వచ్చింది, మళ్లీ చదివితే ఏ వచ్చింది. కాలేజీ తన లెక్కలో పాత గ్రేడును తీసేయొచ్చు. కేంద్రీకృత దరఖాస్తు వ్యవస్థ అయిన పీటీక్యాస్ మాత్రం రెండింటినీ కలిపే జీపీఏ కడుతుంది. మార్కుల పత్రంలో 3.4 ఉన్న విద్యార్థికి అక్కడ 3.2 కనిపించి గుండె జారిపోవడం ఇందువల్లే. నాలుగుకు మూడు చాలా చోట్ల కనీస అర్హత. చేరేవాళ్ల సగటు మాత్రం 3.5కు పైనే ఉంటోంది.

7. జీఆర్‌ఈ అన్నిచోట్లా అడగరు

కరోనా తర్వాత చాలా కాలేజీలు జీఆర్‌ఈని వదిలేశాయి. ఇంకా అడిగేవీ ఉన్నాయి. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్ష రెండు గంటల లోపే ముగుస్తోంది. స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. మీరు ఎంచుకున్న జాబితాలో ఒక్క కాలేజీ కూడా అడగకపోతే ఆ ఫీజు, ఆ కోచింగు మిగిలినట్టే.

8. సీటుకు ముందే ఆసుపత్రి గంటలు

అడ్మిషన్ నిబంధనల్లో అసలు విశేషం ఇదే. చాలా కాలేజీలు లైసెన్సున్న ఫిజికల్ థెరపిస్టు పక్కన నిలబడి పని చూసిన గంటలు అడుగుతాయి. పిల్లలు వీటిని ‘అబ్జర్వేషన్ అవర్స్’ అంటారు. కొన్ని కాలేజీలు ఏమీ అడగవు, కొన్ని నలభై అంటాయి, కొన్ని వంద దాటిస్తాయి. ఒకే క్లినిక్‌లో కూర్చుంటే చాలదనీ, అడ్మిటైన రోగుల్నీ బయటి నుంచి వచ్చి వెళ్లే రోగుల్నీ కూడా చూడాలనీ షరతు పెట్టేవీ ఉన్నాయి.

అక్కడ చూసేదేమిటి? మోకీలు మార్పిడి అయిన పెద్దాయన మంచం అంచున కూర్చుని ఉంటాడు. థెరపిస్టు ఆయన నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, దాన్ని పట్టుకుని లేపుతుంది. గోనియోమీటరు మోకాలికి ఆనించి ఎన్ని డిగ్రీలు వంగుతోందో చూస్తుంది. నిన్న 70, ఇవాళ 75. ఆ అయిదు డిగ్రీల కోసం ఆయన పళ్లబిగువున ఓర్చుకున్న నొప్పి, ‘ఇంకొక్కసారి’ అంటూ ఆమె బతిమాలిన తీరు, చివర్లో కంప్యూటరు ముందు కూర్చుని రాసుకున్న నోట్సు, అన్నీ విద్యార్థి కంటపడతాయి. అతను రోగిని ముట్టుకోకూడదు, పక్కనుండి చూడాలి. ‘ఈ పని నావల్ల అవుతుందా?’ అన్నది లక్షల రూపాయలు కట్టకముందే తేలిపోతుంది.

ఈ గంటల్ని దరఖాస్తులో క్లినిక్ పేరు, తేదీలు, విభాగం, థెరపిస్టు వివరాలతో నమోదు చేయాలి. ధ్రువీకరించాల్సింది ఆ థెరపిస్టే. భారత్‌లో చూసిన గంటలు చెల్లుతాయా అన్నది కాలేజీని బట్టి మారుతుంది.

9. మామయ్య రాసిన సిఫార్సు చెల్లదు

సిఫార్సు లేఖలు రెండు మూడు కావాలి. పాఠం చెప్పిన ప్రొఫెసరుది ఒకటి, పని చూపించిన ఫిజికల్ థెరపిస్టుది ఒకటి సాధారణంగా అడుగుతారు. బంధువులు, కుటుంబ స్నేహితులు రాసినవి పనికిరావు. మామయ్య పెద్ద డాక్టరే కావచ్చు, ఆయన లేఖ మాత్రం ఇందుకు కాదు. లేఖ నేరుగా ఆన్‌లైన్‌లోనే వెళ్తుంది. దాన్ని చూసే హక్కు వదులుకుంటున్నావా అని దరఖాస్తు విద్యార్థినే అడుగుతుంది. వదులుకుంటేనే ఆ లేఖకు విలువ ఎక్కువ. మన దగ్గర విద్యార్థే లేఖ రాసుకెళ్లి సారు సంతకం పెట్టించుకునే అలవాటు అక్కడ పనికిరాదు.

10. ఖాళీలతో కలిపి 4,500 అక్షరాలు

దరఖాస్తులో తన గురించి రాసే వ్యాసం ఎంత పొడవుండాలో పదాల్లో చెప్పరు. ఇంగ్లిషు అక్షరాలు, చుక్కలు, మధ్య ఖాళీలు అన్నీ కలిపి 4,500 దాటకూడదు. ‘చిన్నప్పటి నుంచీ సేవ చేయాలని నా కోరిక’ అన్న వాక్యం వేలమంది రాస్తారు. రెండో రోజు నడవనని మొండికేసిన రోగి మూడో రోజు ఎలా లేచాడో రాసిన వాడి వ్యాసం గుర్తుంటుంది. అబ్జర్వేషన్ అవర్స్ మళ్లీ ఇక్కడ అక్కరకొస్తాయి.

11. తలుపు మీద ప్రశ్న

కొన్ని కాలేజీల్లో ఇంటర్వ్యూకు ఒక్క గది ఉండదు, వరుసగా చాలా ఉంటాయి. గది బయట ఒక సన్నివేశం రాసి ఉంటుంది. రెండు నిమిషాల్లో చదువుకుని లోపలికెళ్లి, కొద్ది నిమిషాలు మాట్లాడి పక్క గదికి మారాలి. ‘కలిసి ప్రాజెక్టు చేస్తున్న స్నేహితుడు తన వంతు పని ఎగ్గొట్టాడు, ఏం చేస్తావు?’ తరహా ప్రశ్నలు. మెడికల్ సీట్ల కోసం కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం రూపొందించిన పద్ధతి ఇది. బట్టీ పట్టి చెప్పే జవాబుకు ఇక్కడ చోటు లేదు. రోగితో మాట్లాడగలవా, ఎదుటివాడి మాట వినగలవా అన్నదే పరీక్ష.

12. ఒకే దరఖాస్తు, రెండు వందలకు పైగా కాలేజీలు

ఏటా జూన్ నెల మధ్యలో పీటీక్యాస్ తలుపులు తెరుస్తుంది. ఒక్కసారి వివరాలు నింపితే చాలు, కావలసినన్ని కాలేజీలకు పంపొచ్చు. మొదటి కాలేజీకి ఒక ఫీజు, అదనంగా చేర్చే ఒక్కోదానికి ఇంకో ఫీజు. చాలా కాలేజీలు దరఖాస్తులు వచ్చిన కొద్దీ చూస్తూ సీట్లు నింపుకుంటూ పోతాయి. ఆఖరి తేదీ దాకా ఆగితే మిగిలిన కొద్ది సీట్లకు పోటీపడాలి. విదేశీ మార్కుల పత్రాలను వెస్ లాంటి సంస్థతో మదింపు చేయించాలి. ఇక్కడి విశ్వవిద్యాలయం నుంచి కవరు కదలడానికే వారాలు పట్టొచ్చు కాబట్టి వేసవికి ముందే మొదలుపెట్టాలి.

13. జీతమిచ్చి చదివించే సీటు

టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో సైన్యం, బేలర్ విశ్వవిద్యాలయం కలిసి నడిపే డీపీటీ కోర్సుంది. అందులో సీటు వచ్చినవాళ్లు సైనిక అధికారులుగా చేరతారు. ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా నెలనెలా జీతం. బదులుగా చదువయ్యాక సైన్యంలో కొన్నేళ్లు పనిచేయాలి. మార్కులతోపాటు సైన్యం పెట్టే దేహదారుఢ్య ప్రమాణాలూ దాటాలి. అమెరికా పౌరులకే అవకాశం.

14. సీటొచ్చాకా షరతులే

సీపీఆర్ సర్టిఫికెట్, హెపటైటిస్ బీ టీకాలు, క్షయ పరీక్ష, నేర చరిత్ర లేదన్న తనిఖీ, ఇవన్నీ ఆసుపత్రిలో అడుగుపెట్టేలోగా పూర్తికావాలి. విదేశీ విద్యార్థుల్ని అసలు తీసుకోని కాలేజీలూ ఉన్నాయి. ఫీజు కట్టకముందే చూడాల్సిన మాట అది.

15. బీపీటీ ఉన్నవాళ్లకు రెండు దారులు

మన బీపీటీతో అక్కడ పనిచేయాలంటే మళ్లీ డీపీటీ చదవాల్సిందేనా? అక్కర్లేదు. ఎఫ్‌సీసీపీటీ వంటి సంస్థతో చదువును మదింపు చేయించి, తక్కువైన కోర్సులు పూర్తిచేసి, ఇంగ్లిషు పరీక్ష దాటి, రాష్ట్ర బోర్డు అనుమతితో ఎన్‌పీటీఈ లైసెన్సు పరీక్ష రాయొచ్చు. 200 నుంచి 800 దాకా ఉండే స్కోరులో 600 వస్తే పాస్. ఏడాదికి మూడుసార్లు, జీవితం మొత్తంలో ఆరుసార్లే అవకాశం.

ఇక్కడో ఉచ్చుంది. ‘ట్రాన్సిషనల్ డీపీటీ’ పేరుతో ఉండే కోర్సులు ఇప్పటికే థెరపిస్టులైన వాళ్లు పట్టా పెంచుకోవడానికి ఉద్దేశించినవి. క్యాప్టీ గుర్తింపు వాటికి ఉండదు, అది వృత్తిలోకి కొత్తగా తెచ్చే కోర్సులకే. ఆ పట్టా చేతికొస్తే లైసెన్సు కూడా వచ్చినట్టేనని నమ్మి డబ్బు కట్టొద్దు.

16. భారత్‌పై పడ్డ తాత్కాలిక నిషేధం

పరీక్షలో వచ్చిన ప్రశ్నల్ని గుర్తుపెట్టుకుని పంచుకుంటున్నారని 2010లో నిర్వాహకులు భారత్, పాకిస్తాన్, ఈజిప్ట్, ఫిలిప్పీన్స్‌లలో చదివినవారికి ఎన్‌పీటీఈని తాత్కాలికంగా ఆపేశారు. తప్పు చేయని వాళ్లూ ఆగిపోయారు. తర్వాత వాళ్లకోసం విడిగా పరీక్ష పెట్టారు. ఇప్పుడు అందరికీ ఒకే పరీక్ష, ఏడాదిలో నిర్ణీత తేదీల్లో. ‘పాత ప్రశ్నలు’ అమ్ముతామంటూ వాట్సాప్‌లో వచ్చే సందేశాల జోలికి పోకపోవడమే మేలు.

చివరగా ఒక మాట. ఈ సీటు కోరుకునే వాళ్లు మార్కుల కంటే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. కోర్సుకు క్యాప్టీ గుర్తింపు ఉందా? విదేశీ విద్యార్థుల్ని తీసుకుంటారా? మీ చదువులో ఏ ముందస్తు కోర్సులు తక్కువయ్యాయి? మూడింటికీ జవాబు కన్సల్టెన్సీ వాళ్ల నోటి నుంచి కాకుండా కాలేజీ అడ్మిషన్ల ఆఫీసు నుంచి ఈమెయిల్‌లో, రాతపూర్వకంగా తీసుకోండి. ఆ జవాబు చేతికి రాకుండా ఒక్క డాలరు కూడా కట్టకండి.