డమ్‌డమ్ సరే, డైలాగు ఏది?

సిద్దిపేటలో హోం థియేటర్ కొనడానికి వచ్చినవాళ్లు దుకాణంలో చాలాసార్లు అడిగే మొదటి మాట "బేస్ ఎట్లుంటది?" పెండ్లి బరాత్‌లో డీజే బండి ముందు ఆడిన కాళ్లు, వినాయక నిమజ్జనంలో గుండెల్లో మోగిన దెబ్బకు అలవాటుపడ్డ చెవులు అలాగే అడుగుతాయి. పెట్టె ఇంటికి వస్తుంది. నాలుగు సినిమాలు గడిచేసరికి ఇంకో మాట మొదలవుతుంది: "మాటలే సమజైతలేవు." ఫైటు వస్తే సౌండు తగ్గించాలి, మాటలొస్తే పెంచాలి. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు కథ సగమే అర్థమవుతుంది.

ఇందులో స్పీకర్ల తప్పు కొంత, గది తప్పు కొంత. అమర్చిన తీరుదే చాలా. డబ్బు పెట్టేముందు గుడగుడల సంగతి కాసేపు పక్కనబెట్టి మాట ఎక్కణ్నుంచి వస్తుందో చూస్తే లెక్క తేలికవుతుంది.

సినిమా హాల్లో మాట తెర మధ్య నుంచి వస్తుంది. అక్కడ తెర వెనక ఒక స్పీకరు ప్రత్యేకంగా ఉంటుంది. ఈ ఆలోచన పాతదే. 1933 ఏప్రిల్‌లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజినీర్లు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను తీగల మీదుగా వాషింగ్టన్‌కు పంపి, అక్కడి హాల్లో ఎడమ, మధ్య, కుడి అని మూడు స్పీకర్లలో వినిపించారు. రెండే ఉంటే, ఓ పక్కన కూర్చున్నవాళ్లకు శబ్దమంతా ఆ పక్కకే జరిగిపోతుంది. మధ్యలోది దాన్ని చోటు కదలకుండా పట్టి ఉంచుతుంది. సినిమావాళ్లు మధ్య స్పీకరును వదల్లేదు. ఇళ్లకు వచ్చిన స్టీరియో మాత్రం రెండింటితోనే సరిపెట్టుకుంది, ఎందుకంటే గ్రామఫోన్ రికార్డు గాడికి ఉన్నవి రెండు గోడలే.

తెలుగు థియేటర్లకు ఇలా పలు స్పీకర్ల శబ్దాన్ని 1986లో నటుడు కృష్ణ 'సింహాసనం'తో తెచ్చారు. తెలుగులో తొలి 70 ఎంఎం సినిమా, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దం. అప్పటికి ఇళ్లలో ఉన్నది ఒంటి స్పీకరు టీవీలు. ఆ తర్వాత 1992లో హాలీవుడ్ సినిమా 'బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్ థియేటర్లకు వచ్చింది. ఇవాళ అట్టపెట్టెల మీద కనిపించే 5.1 ఆ దారిలోదే: ముందు మూడు, పక్కల రెండు. చివరి .1 అంటే స్పీకరులో పదో వంతు కాదు, 120 హెర్ట్జ్ లోపు ఉండే లోతైన శబ్దాల కోసం విడిగా ఇచ్చిన దారి. సినిమాలో మాటల్లో ఎక్కువ భాగాన్ని ఈ ఐదింటిలో ఒక్కదానికే, మధ్యదానికే అప్పగిస్తారు. విచిత్రమేమంటే, చవక సెట్లలో అందరికన్నా బక్కగా ఉండేది కూడా అదే.

ఆ బక్కదనం ఎందుకు నష్టమో చెప్పడానికి చిన్న లెక్క. మగవాళ్ల గొంతు అడుగు శ్రుతి సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, ఆడవాళ్లది సుమారు 165 నుంచి 255. అరచేతిలో ఇమిడే చిన్న స్పీకర్లు 150, 200 హెర్ట్జ్ కిందికి దిగలేవు. అందుకే కంపెనీ ఆ భాగాన్ని సబ్‌వూఫర్‌కు తోసేస్తుంది. దాంతో విలన్ గొంతులో సగం టీవీ కింద నుంచి, సగం మూలన బీరువా పక్కనున్న పెట్టె నుంచి వస్తాయి. పైగా అక్షరాలను విడదీసి చెప్పే 'స', 'ట', 'క' లాంటి హల్లుల స్పష్టత 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. సబ్‌వూఫర్‌ను అదేపనిగా పెంచితే ఆ బరువు కింద ఈ సన్నని శబ్దాలు చెవికి అందవు. ముందు మూడు స్పీకర్లలో కనీసం 4 నుంచి 5 అంగుళాల వూఫర్ ఉంటే, సబ్‌వూఫర్‌కు 80 హెర్ట్జ్ దగ్గర గీత గీయొచ్చు. సినిమా శబ్ద నాణ్యతకు పేరున్న టీహెచ్‌ఎక్స్ ప్రమాణంలోనూ ఉన్నది ఆ అంకే. అప్పుడు గొంతు మొత్తం గొంతులాగే ఒక్కచోటు నుంచి వస్తుంది.

వాట్ల గురించి రెండు ముక్కలు. ఒకప్పుడు టేప్ రికార్డర్ల మీద, తర్వాత కంప్యూటర్ స్పీకర్ల మీద వేలల్లో మెరిసిన 'పీఎంపీఓ' వాట్లకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు, కంపెనీ ఎంత రాసుకుంటే అంత. చూడాల్సింది ఆగకుండా ఇవ్వగలిగే శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ వాట్లు, వాటికన్నా ముందు సెన్సిటివిటీ. 87 డెసిబెల్స్ అని ఉంటే, ఒక్క వాట్ ఇచ్చినప్పుడు మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందని అర్థం. ఇద్దరు ఎదురుగా కూర్చుని మాట్లాడుకుంటే వచ్చేది సుమారు 60. అంటే ఇంట్లో మామూలుగా సినిమా చూసేటప్పుడు చాలాసేపు ఒకటి రెండు వాట్ల లోపే పని నడుస్తుంది, మిగతావి పేలుళ్ల కోసం దాచిపెట్టిన బలగం. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. 50 వాట్ల సెట్టు కాదని 100 వాట్లది కొన్న మనిషి పెద్ద తేడా ఆశిస్తే నిరాశే.

ఇక గది. సిద్దిపేట పక్కన నర్సాపూర్ దగ్గర 2020 డిసెంబరులో ప్రారంభమైన కేసీఆర్ నగర్‌లోలాగా, రాష్ట్రంలో ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇంటి కొలత 560 చదరపు అడుగులు. రెండు పడకగదులు, వంటగది తీసేస్తే హాలుకు మిగిలేది ఎంతో చెప్పనక్కర్లేదు. అలాంటి చోట ఐదు పలచటి స్పీకర్లు గోడలకు వేలాడదీయడం కన్నా 3.1 మేలు: ముందు మూడు మంచివి, ఒక సబ్‌వూఫర్. విడి సెంటర్ స్పీకరున్న సౌండ్‌బార్ అయినా ఫర్వాలేదు. వెనకవి తర్వాత ఎప్పుడైనా కలుపుకోవచ్చు. చేతిలో ఉన్న డబ్బులో సగానికి పైగా ముందు మూడింటికే పోవడం న్యాయం.

పెద్ద ఇళ్లకు వేరే చిక్కు. పైన సిమెంటు స్లాబు, చుట్టూ ప్లాస్టరింగ్ చేసిన గోడలు, కింద టైల్సో తాండూరు బండలో, ఓ పక్క అద్దాల షోకేసు. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొడితే 'ట్రింగ్' అని తోక వినిపిస్తుంది. మాటకూ ఆ తోకే అంటుకుంటుంది, ఒక అక్షరం ముగిసేలోపే దాని మీద ఇంకోటి పడుతుంది. దీనికి మందు ఖరీదైన ఫోమ్ పలకలే కానక్కర్లేదు. కిటికీలకు మడతలు మడతలుగా వేలాడే దళసరి పరదాలు, సోఫాకూ టీవీకీ మధ్య నేల మీద మందపాటి తివాచీ, వెనక గోడకు పుస్తకాల అర చాలావరకు పని చేస్తాయి. భౌగోళిక గుర్తింపున్న వరంగల్ జంపఖానా పరిస్తే ఇల్లు అందంగా ఉంటుంది. అయితే అది పలచన, పై శ్రుతులనే కొంత పీల్చుకోగలదు. దాని కింద పాత బొంత ఒకటి వేస్తే ఇంకాస్త మేలు.

అమరిక దగ్గరికి వస్తే, మొదట తప్పేది సెంటర్ స్పీకరే. టీవీ యూనిట్‌లో టీవీ కింద గూడు ఉంటుంది కాబట్టి దాన్ని ఆ లోపలికి నెట్టేస్తారు. గూటి గోడలు మాటను డబ్బాలోంచి వచ్చినట్టు చేస్తాయి. స్పీకరు ముఖం చెక్క అంచుతో సమానంగా లేదా ఓ అర అంగుళం బయటికి ఉండాలి, చెవి వైపు కొద్దిగా పైకి వాల్చాలి. సోఫాలో కూర్చున్న మనిషి చెవి నేల నుంచి సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. మన ఇళ్లలో సగంమంది కిందే కూర్చుంటారు, పిల్లలైతే మరీ ముందుకు. కాబట్టి వాలు ఇద్దరికీ మధ్యస్థంగా పెట్టుకోవాలి.

కుడి ఎడమ స్పీకర్లు వినేవాళ్ల ముక్కుసూటి గీతకు చెరో పక్క 22 నుంచి 30 డిగ్రీల కోణంలో ఉండాలని డాల్బీ చెబుతుంది. కోణమాని అక్కర్లేదు. సోఫా నుంచి స్పీకరుకు 9 అడుగులుంటే, ఆ రెండింటి మధ్య 7 నుంచి 9 అడుగులు ఉంచితే సరిపోతుంది. పక్క స్పీకర్లు 90 నుంచి 110 డిగ్రీల మధ్య, అంటే చెవికి సరిగ్గా పక్కన లేదా రవ్వంత వెనక, చెవి కన్నా కాస్త ఎత్తులో ఉండాలి. మన హాళ్లలో సోఫా వెనక గోడకు అంటుకునే ఉంటుంది, వెనక చోటే ఉండదు. అలాంటప్పుడు వెనక మరో రెండు స్పీకర్లుండే 7.1 కొనడం డబ్బు గోడకు కొట్టడమే.

సబ్‌వూఫర్‌ను ఎక్కడ పెట్టాలో చెప్పేది గది కొలతే. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 15 అడుగుల పొడవున్న హాలు 37, 38 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది, 10 అడుగుల వెడల్పు 56 దగ్గర. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే అయితే ఆ 56 హెర్ట్జే రెండుసార్లు ఊగుతుంది. కొన్ని ఇళ్లలో ఒకే ఒక్క డ్రమ్ము దెబ్బ గోడలు పగిలేట్టు మోగి, మిగతావి చప్పగా ఉండటానికి కారణం ఇదే. దీనికి ఓ పాత ఉపాయం ఉంది, చూసేవాళ్లకు నవ్వొస్తుంది గానీ పని చేస్తుంది. సబ్‌వూఫర్‌ను తీసుకెళ్లి సోఫా మీద, మనిషి కూర్చునే చోట పెట్టాలి. బేస్ గిటార్ ఆగకుండా నడిచే పాట ఒకటి వేసి, గోడల వెంబడి వంగి పాకుతూ వినాలి. ఏ చోట ప్రతి స్వరమూ ఒకే బరువుతో వినిపిస్తుందో అక్కడ సబ్‌వూఫర్‌కు చోటు. మూలలో పెడితే శబ్దం ఎక్కువొస్తుందన్నది నిజమే, కానీ తరచూ ఉబ్బిన శబ్దం వస్తుంది.

ఈమధ్య అందరూ అడుగుతున్నది తల పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్. 2012లో 'బ్రేవ్' అనే యానిమేషన్ సినిమాతో మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో రజనీకాంత్ 'శివాజీ' త్రీడీ రూపంతో ఇండియాకు వచ్చింది. 2015లో 'బాహుబలి' దాన్ని తెలుగు ప్రేక్షకులకు దగ్గర చేసింది. ఇంట్లో 5.1.2 అంటే చివరి రెండూ పైకప్పు స్పీకర్లు. స్లాబుకు రంధ్రం కొట్టడం ఇష్టంలేనివాళ్లకు పైకి చూసే స్పీకర్లు ఉన్నాయి, అవి శబ్దాన్ని కప్పుకు కొట్టి కిందికి దించుతాయి. మాటను చెడగొట్టే ఆ గట్టి స్లాబే ఇక్కడ ఉపకారం చేస్తుంది, 9, 10 అడుగుల చదునైన కప్పు దీనికి బాగా సరిపోతుంది. మెట్లు మెట్లుగా, లైట్ల గాడులతో చేయించిన ఫాల్స్ సీలింగ్ ఉంటే మాత్రం ఆ జత వృథా.

అన్నీ సరిగా పెట్టి, ఒక్క సెట్టింగు వల్ల ఓడిపోయే ఇళ్లు తక్కువేం కాదు. టీవీ నుంచి, స్పీకర్లను నడిపే రిసీవర్‌కు హెచ్‌డీఎంఐ తీగ 'ఆర్క్' లేదా 'ఈఆర్క్' అని రాసి ఉన్న రంధ్రంలోనే పెట్టాలి. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ 'పీసీఎం' మీద ఉంటే చాలా టీవీలు రెండు ఛానళ్లే పంపుతాయి, సెంటర్‌కు విడిగా మాట రాదు. దాన్ని పాస్‌త్రూ లేదా ఆటోకు మార్చాలి. స్టీరియోలో వచ్చే టీవీ ఛానళ్లకు రిసీవర్‌లో డాల్బీ సరౌండ్ మోడ్ పెడితే మాటను ఏరి మధ్యకు తెస్తుంది. ఎరుపు, నలుపు తీగలు ఒక్క స్పీకరుకు తారుమారైనా గొంతు ఎక్కడుందో తెలియకుండా గదంతా చెదిరిపోతుంది. తీగ కూడా రాగిదే ఉండాలి, అల్యూమినియం మీద రాగి పూత పూసినవీ మార్కెట్లో ఉన్నాయి, గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. సబ్‌వూఫర్ సినిమా లేనప్పుడు కూడా 'మ్‌మ్' అంటుంటే కేబుల్ టీవీ తీగ ఓసారి పీకి చూడాలి. హోరు ఆగిందంటే తప్పు ఎర్తింగ్‌ది, స్పీకరుది కాదు.

రిసీవర్‌తో మైకు ఇస్తే దాన్ని చేత్తో పట్టుకోకుండా చెవి ఎత్తులో స్టాండు మీద నిలబెట్టి, ఫ్యాన్ ఆపి కొలత తీయాలి. ఆ తర్వాత సెంటర్‌ను 2, 3 డెసిబెల్స్ పెంచుకుంటే ఎవరూ తప్పుపట్టరు. రాత్రిళ్లు 'నైట్ మోడ్' పెడితే పేలుళ్లు తగ్గి మాటలు లేస్తాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు. అపార్ట్‌మెంట్‌లో సబ్‌వూఫర్ కింద మందపాటి రబ్బరు వేస్తే స్లాబులోకి పాకే అదురు తగ్గుతుంది, కింది ఇంటివాళ్ల తలుపు తట్టుడు కూడా.

చూసి కొనాలనుకుంటే హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లే. 2023 అక్టోబరు నుంచి సికింద్రాబాద్‌కు రైలు కూడా నడుస్తోంది. అక్కడి డెమో గదులు పరదాలు, తివాచీలతో ముందే చక్కబెట్టినవి, ఏది పెట్టినా బాగానే వినిపిస్తుంది. అందుకని వినాల్సింది డెమో వీడియో కాదు, పదిసార్లు చూసిన తెలుగు సినిమాలో ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీను, అదీ తక్కువ సౌండులో. సబ్‌వూఫర్ ఆపమని అడిగి మళ్లీ వినాలి. గొంతు రేకులా మారితే ఆ స్పీకర్లు గొంతు మోయలేవని తెలిసిపోతుంది. తర్వాత పక్క కుర్చీలోకి, ఆ పక్క కుర్చీలోకి జరగాలి, ఎందుకంటే అడ్డంగా పడుకోబెట్టే సెంటర్ స్పీకర్లలో కొన్ని మధ్యలో బాగా పలికి అంచుల్లో మాట మింగేస్తాయి. ఇంట్లో పెట్టి చూసి మార్చుకునే వీలుందో లేదో బిల్లుకు ముందే కనుక్కోవాలి. ఆన్‌లైన్లో కొంటే రిటర్న్ గడువు లోపే ఇదే సీను సొంత హాల్లో, ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు వేసి చూడాలి.