గట్టు తెగితేనే ఇసుక మేట
ఈరీ సరస్సు ఒడ్డున ఎవరి మన్ను ఎక్కడికి పోతోంది?

గోదావరి లంకల్లో కూలికి పోయేవాళ్ళకి ఒడ్డు కోత గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. నిరుడు పొగాకు నాటిన చోట ఈ ఏడు ఏరు పారుతుంది. అయితే తెగిన మన్ను ఎక్కడికి పోతుంది, అందులో ఏది నిలుస్తుంది అని మాత్రం మనం అంతగా అడగం. ఈ లెక్క కళ్ళకు కట్టినట్టు కనపడే చోటు కెనడా దేశంలో ఒకటుంది. అది ఈరీ సరస్సు ఉత్తరపు ఒడ్డు.

సరస్సంటే మన ఊరి చెరువులా ఊహించుకోవద్దు. పొడుగు 388 కిలోమీటర్లు. లోతు మాత్రం తక్కువ, సగటున 19 మీటర్లే. నైరుతి గాలి ఆ పొడుగునా తోసుకొచ్చిందంటే సముద్రం మాదిరే కొడుతుంది. పోర్ట్ స్టాన్లీ, పోర్ట్ బర్వెల్ ఊళ్ళ దగ్గర ఒడ్డు నిట్టనిలువు చరియ, కొన్నిచోట్ల 30 మీటర్లకు పైనే. అది రాయి కాదు. వేల ఏళ్ళనాడు మంచుదిబ్బలు ఈడ్చుకొచ్చి పోసిన మన్ను. బంకమట్టి, ఒండ్రు, ఇసుక, గులకరాళ్ళు అన్నీ కలిసే వుంటాయి. కింద అల పాదాన్ని తొలుస్తుంది. పైన పడ్డ వాన ఇసుక పొరలోంచి దిగి, బంకమట్టి దగ్గర ఆగి, చరియ మొహంలోంచి ఊరుతుంది. రెండు వైపులా దెబ్బే. ఏటా మీటరుకు పైగా వెనక్కి పోయే చోట్లున్నాయి.

పడ్డ మన్నుని అల ఏం చేస్తుంది? కళ్ళంలో మనం తూర్పారబట్టినట్టే చేస్తుంది. పొల్లు దూరం పోతుంది, గింజ దగ్గర రాలుతుంది. బంకమట్టీ, ఒండ్రూ నీళ్ళలో కలిసి బురదై నడిసరస్సుకి పోతాయి. బరువైన గులకరాళ్ళు చరియ కాళ్ళ దగ్గరే మిగులుతాయి. మధ్యరకం ఇసుక మాత్రం అల వెంట ఒడ్డు పొడుగునా తూర్పుకి నడుస్తుంది. అందుకే చరియ కింద ఒడ్డు సన్నగా, రాళ్ళమయంగా వుంటుంది. తూర్పున లాంగ్ పాయింట్‌లో మెత్తని ఇసుక మేటే కనపడుతుంది. ఆ మేట ఇప్పుడు సుమారు 40 కిలోమీటర్ల పొడుగున సరస్సులోకి చొచ్చుకుపోయింది. దాని పుట్టిల్లు ఈ తెగే చరియలే.

ఈ ఒడ్డు మీద తుపాను వెలిసినాక అక్కడక్కడ నల్లగా, ఊదాగా చారలు తేలతాయి. గార్నెట్, మాగ్నటైట్ అనే బరువు ఖనిజాలవి. తేలికైన ఇసుకని అల ఊడ్చుకుపోతే ఇవి మిగులుతాయి. నల్లచార చిక్కగా వున్నదంటే అక్కడ ఇసుక ఊడ్చుకుపోయిందని గుర్తు. భీమిలి ఒడ్డున మన జాలర్లు చూసే గార్నెట్ ఇసుక ఈ జాతిదే.

ఇక్కడే తగాదా మొదలవుతుంది. ఆ రెండు ఊళ్ళలోనూ రేవు కోసం సరస్సులోకి గోడలు కట్టారు. వాటికి పడమట ఇసుక కుప్పపడి విశాలమైన బీచి అయింది. తూర్పున ఇసుక అందక కోత పెరిగింది. విశాఖ ఔటర్ హార్బరు కట్టాక ఉత్తరపు బీచికి ఇసుక తోడి పోయాల్సి రావడానికి కారణం కూడా ఇదే. పోనీ, చరియ కాళ్ళకి రాళ్ళు పేర్చి పొలం కాపాడదామంటే, ఆ మన్ను మీదే బతికే లాంగ్ పాయింట్ బక్కచిక్కుతుంది. 1985 డిసెంబరు తుపానులో అక్కడి విడిది ఇళ్ళు దెబ్బతిన్నాయి. 2019లో సరస్సు మట్టం రికార్డుకెక్కింది. అయితే గోడలన్నీ ఒకటి కాదు. చరియలో బంకమట్టి ఎక్కువ వున్న చోట గోడ కడితే దిగువకి పోయే నష్టం తక్కువ, ఇసుక ఎక్కువ వున్న చోట కడితే చాలా ఎక్కువ. మన్ను పిడికిట పట్టి చూడకుండా గోడ కట్టకూడదన్నది నా మాట.

ఈ వాదంలో పొలం యజమానీ వుంటాడు, విడిది ఇంటాయనా వుంటాడు. చరియల వెనక నార్‌ఫోక్ ఇసుక నేలల్లో ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పొగాకు పండింది, ఇప్పుడు కూరగాయలూ వేస్తున్నారు. ఆ పని చేసేవాళ్ళలో చాలామంది జమైకా, మెక్సికోల నుంచి సీజనుకి వచ్చినవాళ్ళు. ఈ పద్ధతి 1966లో జమైకాతో మొదలైంది, 1974లో మెక్సికో చేరింది. ఏడాదికి ఎనిమిది నెలలకు మించి వుండనివ్వరు, పని పర్మిటు ఒక యజమానికే కట్టేసి వుంటుంది. ఒంటారియో 2002 చట్టం వ్యవసాయ కార్మికులకి సంఘం పెట్టుకుని యజమానికి మొర వినిపించే హక్కిచ్చింది. మిగతా కార్మికులకున్న బేరసారాల హక్కు ఇవ్వలేదు. 2011లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే నిలబెట్టింది. చరియ అంచున పగులు పడ్డదని ట్రాక్టరు దిగి ముందుగా చూసేది ఆ కూలీయే.