మీకు తెలుసా? రిపోర్టు నార్మలే, భయమే తగ్గలేదు

లేని రోగాలు ఊహించుకుని మంచం పట్టే మనిషి మీద ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ ఒక హాస్యనాటకం రాసి, ఆ రోగి వేషం తానే కట్టాడు. 1673 ఫిబ్రవరి 17న, పారిస్‌లో నాలుగో ప్రదర్శన జరుగుతుండగా వేదిక మీదే ఆయనకు ఒళ్లు స్వాధీనం తప్పింది. ఎలాగో నాటకం పూర్తిచేశాడు. ఆ రాత్రే ఇంట్లో రక్తం కక్కుకుని కన్నుమూశాడు. ఊపిరితిత్తుల జబ్బు ఆయనకు నిజంగానే ఉంది.

జబ్బు భయంతో కుమిలిపోయేవాళ్లను చూసి నవ్వడం అప్పటికీ ఇప్పటికీ మారలేదు. ‘నీకేం రోగం లేదు, అంతా అనుమానం’ అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తారు. కానీ ఈ భయం ప్రాణం మీదికి తెస్తుంది. జబ్బు భయం ఒక వ్యాధిగా నిర్ధారణ అయిన 4,129 మందిని, వారికి పదిరెట్ల మంది మామూలు మనుషులతో పోల్చిన స్వీడన్ అధ్యయనం 2023లో వెలువడింది. భయంతో బతికినవాళ్లు సగటున అయిదేళ్లు ముందే చనిపోయారు. ఆత్మహత్య ముప్పు వారిలో నాలుగు రెట్లు ఎక్కువ. ఇది చదివాక కూడా నవ్వగలమా?

‘హైపోకాండ్రియా’ అనే పాత పేరుకు గ్రీకులో అర్థం ‘పక్కటెముకల మృదులాస్థి కింద’. దిగులు పుట్టేది అక్కడేనని ప్రాచీన వైద్యులు నమ్మారు. ఆ మాట రానురాను తిట్టులా మారడంతో 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ దాన్ని పక్కన పెట్టింది. ఇప్పుడు ఒంట్లో పెద్ద లక్షణాలేవీ లేకుండానే, ఏదో పెద్ద జబ్బు ఉందనో వస్తుందనో బెంగ ఆరునెలలకు పైగా వదలకపోతే ‘ఇల్‌నెస్ యాంగ్జైటీ డిజార్డర్’ అంటున్నారు. ఇందులో రెండు రకాల మనుషులున్నారు. కొందరు డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. కొందరు ఏం బయటపడుతుందోనని ఆసుపత్రి ఛాయలకే వెళ్లరు. రెండోవాళ్లను ధైర్యవంతులని పొరబడతాం.

పరీక్షలన్నీ చేయించేస్తే భయం పోతుందనుకుంటాం. ల్యాబు రిపోర్టులో పక్కన రాసే ‘నార్మల్’ హద్దులు ఎలా వస్తాయో తెలుసా? సాధారణంగా ఆరోగ్యవంతుల ఫలితాలు తీసుకుని, మధ్యలోని 95 శాతాన్ని నార్మల్ అంటారు. అంటే ఏ జబ్బూ లేని 20 మందిలో ఒకరి అంకె హద్దు దాటే ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయిస్తే, పూర్తి ఆరోగ్యవంతుడికైనా కనీసం ఒక్కటి తేడాగా వచ్చే అవకాశం దాదాపు 64 శాతం. ఆ ఒక్క అంకె బోల్డు అక్షరాల్లోనో, ఎర్ర గుర్తుతోనో కనిపిస్తుంది. ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాడు ఇంకో పరీక్ష, ఇంకో డాక్టరు. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ అమ్మేవాళ్లు ఈ లెక్క కూడా చెప్పి తీరాలి.

చేతులతో తడిమి చూసుకోవడమూ ఇలాంటిదే. మెడలో లింఫు గ్రంథిని రోజుకు పదిసార్లు నొక్కితే ఆ నొక్కుడుకే అది నొప్పి పెడుతుంది. నొప్పి ఉంది కాబట్టి మళ్లీ నొక్కుతాం.

అలాగని ఆ నొప్పి అబద్ధం కాదు. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు పడలేదని మానేసిన 60 మందికి లండన్‌లో ఏడాది పాటు ఒక నెల అసలు మాత్ర, ఒక నెల మందు లేని మాత్ర, ఒక నెల ఖాళీ సీసా ఇచ్చి చూశారు. అసలు మాత్రతో పడ్డ బాధలో 90 శాతం మందు లేని మాత్రతోనూ పడ్డారు! 2020లో ఈ ఫలితాలు వచ్చాయి. కీడు జరుగుతుందన్న ఎదురుచూపే ఒళ్లు నొప్పులు పుట్టించగలదు. నొప్పి నిజం, కారణం వేరు.

మరి దారి? ‘నాకేం కాదు కదా’ అని అడిగిన ప్రతిసారీ ‘ఏం కాదు’ అని చెబితే గంటసేపు ఊరట, తర్వాత మళ్లీ అదే ప్రశ్న. ఆ వలయాన్ని తెంపడం నేర్పే చికిత్స ఉంది. దాన్ని సీబీటీ అంటారు. ఇంగ్లండ్‌లో 444 మంది మీద జరిగిన పరిశోధనలో, అయిదు నుంచి పది సిట్టింగులతో వచ్చిన మేలు అయిదేళ్ల తర్వాత కూడా నిలిచింది. ఇంట్లో మొదలుపెట్టాలంటే ఒకే డాక్టరును నమ్మండి. ఆయన చూసి చెప్పాక లక్షణాలను గూగుల్‌లో వెతకడం ఆపండి. తడిమి చూసుకోవాలనిపిస్తే అరగంట వాయిదా వేయండి, రేపు గంట. ఛాతీ బరువెక్కినా, ఉన్నట్టుండి మాట తడబడినా, చెయ్యి కాలు పడిపోయినా మాత్రం ‘ఇది నా భయమేలే’ అని ఊరుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడానికి జంకు ఉంటే ముందు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.